తిన్నె మీద అడుగులు

జిలానీ మాస్టారి స్టూడియో గోడ మీద శిష్యులందరూ తీసిన ఫోటోలున్నాయి, కౌండిన్య తీసినవి తప్ప. ఏళ్ల తరబడి ఆయన దగ్గర కొండలూ నదులూ ఫోటో తీయడం నేర్చుకుంటున్నాడు. తన తర్వాత చేరిన మృదుల ఫోటోలు కూడా ఆ గోడ ఎక్కేశాయి. అటు చూసినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

మాస్టారిది కడప. ఏటా చలికాలంలో శిష్యుల్ని రాజస్థాన్ ఎడారికి తీసుకుపోతారు. అక్కడ ఆయన పద్ధతి ఒకటే. ఒక్కో రాత్రి ఒక్కొక్కరిని ఒంటరిగా పంపడం. గుడారం, నీళ్లు, కెమెరా వీపున వేసుకుని నడిచిపోవాలి, ఇసక తిన్నెల మధ్య పడుకోవాలి, పొద్దున్నే ఫోటో తీసుకుని తిరిగి రావాలి. పక్కన మనిషి ఉంటే కన్ను సగమే చూస్తుందని ఆయన నమ్మకం.

ఈసారి మొదటి వంతు కౌండిన్యకు వచ్చింది. రాత్రంతా చలికి ముడుచుకుపోయి పడుకున్నాడు గానీ, తెల్లవారి గుడారం తెరిచేసరికి అదృష్టం ఎదురుగా నిలబడి ఉంది. పెద్ద తిన్నె. గాలి గీసిన చారలు తప్ప దాని మీద చీమ నడిచిన జాడ కూడా లేదు. లేత ఎండ ఒక వాలు మీద పడి, రెండో వాలు నీడలో ఉంది. మధ్యన అంచు కత్తితో కోసినట్టుంది. కావలసినన్ని తీసుకున్నాడు. ఈ ఏడు గోడ తనదేనని అతనికి తెలిసిపోయింది.

అప్పుడు కనిపించింది ఒక మనిషి. తలకు శాలువా చుట్టుకుని, భుజాన ట్రైపాడ్ పెట్టుకుని దూరం నుంచి ఇటే నడిచి వస్తోంది. మొహం ఆనలేదు. మృదులే అనుకున్నాడు. వంతు రాకముందే తయారైంది. ఇదే తిన్నె తీస్తుంది, తనకంటే బాగా తీస్తుంది.

ఇక తిన్నెతో అతనికి పనేమీ లేదు. అయినా ఎక్కాడు. అంచు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. అదీ చాలక, కాళ్లీడ్చుకుంటూ వాలు మధ్యగా దిగాడు. భోంచేసి లేస్తూ పక్కవాడి విస్తట్లో చెయ్యి కడిగినట్టు. దగ్గరి దారి కదా, అందుకే ఇటు దిగానని తనకు తనే చెప్పుకున్నాడు. మనసుకు అబద్ధం చెప్పడానికి ఖర్చేముంది!

దిగి చూస్తే, శాలువా తీసి చెమట తుడుచుకుంటున్నది జిలానీ మాస్టారు.

ఎప్పుడొచ్చారని మాత్రం అడగగలిగాడు కౌండిన్య.

"నిన్న నీ ఎనకాల్నే వచ్చినా. ఆ పక్క తిన్నె చాటున పండుకున్యా. తెలీని చోట మిమ్మల్ని ఒంటిగా ఎట్ట వదిలేది?"

ప్రతి శిష్యుడి వెనకా ఆయన అలాగే, కంటపడకుండా వెళ్లేవారట. ఇట్లాంటి తిన్నె కోసం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారట. శిష్యుడు తీసుకునేదాకా అడ్డు రాకూడదని అంతసేపూ అక్కడే ఆగారట. ఒక్కొక్క మాటా వింటుంటే కౌండిన్య సిగ్గుతో చచ్చిపోయాడు. గాలొస్తే అడుగులు చెరిగిపోతాయి, కాసేపు చూద్దామని గొణిగాడు. గాలి లేదు. ఎండ పైకెక్కితే ఆ నీడలు మిగలవని అతనికీ తెలుసు.

మాస్టారు తిట్టలేదు. ట్రైపాడ్ దించి, దాని కాళ్లు ఇసకలో గుచ్చి, కెమెరాను ఆ అడుగుల మీదికే తిప్పారు. చెడని తిన్నెకు ఎంత శ్రద్ధ పెట్టేవారో అంత శ్రద్ధా పెట్టి, అటూ ఇటూ సరిచూసుకుని ఒక్క ఫోటో తీశారు. తర్వాత కెమెరా అతని చేతికిచ్చారు. అంచు పొడవునా అడుగులు, వాలు మీద ఈడ్చిన కాళ్ల చారలు. పొరపాటున నడిచినవాడి అడుగులు అలా ఉండవని ఎవరికైనా తెలుస్తుంది.

"గోడకు ఇది పెడదాం" అన్నారు మాస్టారు.

కౌండిన్యకు తన కెమెరాలో ఉన్న చెడని తిన్నెను చూపించడానికి చెయ్యి రాలేదు.

"వద్దు సార్. మీ పేరుతో ఇది వద్దు."

"నా పేరెందుకు నాయనా? నేను మీట నొక్కినా, అంతే. బొమ్మ గీసింది నువ్వు."