ముద్ర లేని చొక్కా

ఒక సంస్థానంలో రాజుగారికి ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఎర్ర చొక్కా, గుండె మీద డేగ ఆ జట్టు గుర్తు. ఆ ఎరుపూ ఆ డేగా రాజుగారి సొత్తు. ఆయన అనుమతి పొందినవాడు తప్ప ఇంకెవరూ వాటిని గీయకూడదు.

చాలా ఏళ్లుగా ఆ అనుమతి ఖాసిం అనే చిత్రకారుడికి ఉండేది. జట్టులోకి కొత్తగా వచ్చిన ఆటగాళ్లను మైదానం పక్కన కూర్చుని చూసి, అరచేతిలో ఇమిడే అట్టల మీద బొమ్మలు వేసేవాడు. ఊళ్లో వాటిని తొలి కార్డులనేవారు.

నూనె మిల్లు కనకలింగం ఆ తొలి కార్డులు పోగేసేవాడు. కొత్త కార్డు చేతికొచ్చిన పూట స్థిమితంగా ఉండేవాడు. తెల్లారేసరికి మళ్లీ మొదలు. దొరకనిది ఎవరింట్లో ఉందోనని వీధులన్నీ తిరిగేవాడు. అన్నం ముందు కూర్చుని కూడా గుమ్మం వైపు చూసేవాడు.

"గొప్పవాడయ్యాక ఎవడైనా చూస్తాడు. వాడెవడో ఎవరికీ తెలియనప్పుడే నేను పట్టుకోవాలి," అనేవాడు భార్యతో.

"పట్టుకున్నాకైనా కాస్త కూర్చోవచ్చుగా," అనేది పైడితల్లి.

ఒక ఏడు రాజుగారు ఖాసింకి ఉన్న అనుమతి తీసేసి, పట్నం నుంచి వచ్చిన అచ్చు కంపెనీకి ఇచ్చారు. ఆ ఏడే ఏసోబు జట్టులోకి వచ్చాడు. అలాంటి ఆట ఆ మైదానంలో ఎవరూ చూడలేదు.

కంపెనీ అతని తొలి కార్డు వేసింది. ఎర్ర చొక్కా, డేగ, బంగారు అంచు, మూలన రాజముద్ర. ఖాసిం కూడా ఒకటి వేశాడు. ఎరుపు తాకకూడదు కాబట్టి, ఏసోబు మొదటిరోజు ఇంటి నుంచి వేసుకొచ్చిన తెల్ల చొక్కాతోనే గీశాడు.

బజార్లో తెల్ల చొక్కా కార్డు ఎవరూ ముట్టుకోలేదు. "ఇది ఏ జట్టు? ఎవడైనా కావచ్చు," అన్నారు.

కనకలింగం రెండూ తెచ్చుకున్నాడు. ఖాసిం కార్డులో ఏసోబు కళ్లు ఇంకా రాని బంతిని చూస్తున్నట్టుండేవి. ఒక్కడే ఉన్నప్పుడు ఆయన ఆ కార్డే తీసేవాడు. ఎవరైనా వస్తే గబుక్కున దాచి, రాజముద్ర ఉన్నది పైన పెట్టేవాడు. ఇలా దాచడం, తీయడంతో ఆయనకు మనశ్శాంతి పోయింది. ఒకరోజు ఖాసిం ఇంటికి వెళ్లాడు.

"గుండె మీద చిన్న డేగ వేసిపెట్టు ఖాసిం. ఎవరికి తెలుస్తుంది?"

"తెలిస్తే నా చేతులుండవు లింగం గారూ. అయినా ఆరోజు అతని చొక్కా మీద డేగ లేదు."

"కార్డుకి నిండుతనం వద్దా?"

"నాకు నిండుగానే ఉందండీ," అన్నాడు ఖాసిం.

కనకలింగం ఇంటికొచ్చి తానే ఎర్ర రంగు కలిపాడు. చొక్కా నిండా పులిమాడు. గుండె మీద డేగ గీశాడు. అది డేగలా కాక తడిసిన కోడిలా వచ్చింది. పైడితల్లి తొంగిచూసి, "పాపం, అతన్నెందుకలా ముంచారు?" అంది.

మరో రెండేళ్లకు రాజుగారి మనసు మారింది. ఎరుపు పోయి నీలం వచ్చింది. డేగ పోయి చేప వచ్చింది. డేగ కార్డులు ఒక్క వారంలో చిత్తుకాగితాలయ్యాయి. ఏ గుర్తూ లేని తెల్ల చొక్కా కార్డుకి మాత్రం పాతబడే దారి లేదు. నిన్న ముట్టుకోనివాళ్లే ఇప్పుడు దానికోసం ఇల్లిల్లూ తిరిగారు.

కనకలింగం తడిగుడ్డ తీసుకుని ఎరుపు తుడవడం మొదలెట్టాడు. ఎరుపు కరిగి పైన ముఖం మీదికి పాకింది. చెంపలు తుడిచాడు, నుదురు తుడిచాడు. చివరికి చొక్కా తెల్లబడింది. సిరాతో గీసిన జేబు, దాని పక్కన అతుకు మిగిలాయి. ముఖం లేదు.

ఆ రోజుల్లోనే మోకాలు దెబ్బతిన్న ఏసోబును జట్టు నుంచి తీసేశారు. అతను కుంటుతూ కనకలింగం ఇంటికొచ్చాడు.

"నా తొలి కార్డు తమ దగ్గరుందని విన్నానండీ. ఊరెళ్లిపోతున్నాను, ఒకసారి చూద్దామని."

కనకలింగం రాజముద్ర కార్డు తీసి చేతిలో పెట్టాడు. "ఉంచేసుకో," అన్నాడు.

ఏసోబు తిప్పిచూసి తిరిగిచ్చాడు. "ఈ చొక్కా వాళ్లదండీ. మొన్ననే తీసేసుకున్నారు. ఖాసిం గారు వేసింది లేదా?"

కనకలింగం పెట్టె అడుగు నుంచి రెండోది బయటికి తీశాడు. తల వంచుకుని ఇచ్చాడు.

ఏసోబు అతుకు మీద వేలు పెట్టి నవ్వాడు. "మా అమ్మ వేసిన అతుకు. ఇది కూడా వదల్లేదు ఖాసిం గారు."

"ముఖం పోయింది కదయ్యా," అన్నాడు కనకలింగం.

"ముఖం నా దగ్గరుంది కదండీ." ఏసోబు కార్డును జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

కనకలింగం పెట్టె ముందేసుకున్నాడు. అన్నీ తొలి కార్డులే. ఒక్కొక్కటి తీసి, చొక్కాను బొటనవేలితో మూసి, పైన ముఖం చూడసాగాడు. ఇంతకాలం పేరు పేరునా తెలిసినవాళ్లు. ఇప్పుడు ఒక్కడి పేరూ నోటికి రావడం లేదు.

పైడితల్లి భోజనానికి పిలిచింది. ఆయన ఇంకో కార్డు తీశాడు.