మూడు అరుపుల మర్యాద

పిల్లిపిల్ల దూకబోయే ముందు వెనకభాగం ఇటూ అటూ ఊపుతుంది కదా, మీలో ఎంతమంది చూశారు? అందరూ చూశారా? మరి ఎందుకు ఊపుతుందని అడిగినవాళ్లెవరు? ఒక్కరూ లేరా? భలేవాళ్లే. అయితే వినండి.

ఒకప్పుడు పిల్లులు ఆడేవి కావు. పిల్లిపిల్లలు కూడా కళ్లు తెరిచీ తెరవగానే కాళ్లు ముడుచుకుని, పంచాయితీ పెద్దల్లా కూర్చునేవి. ఆడటమంటే పిల్లిజాతికే తలవంపులని వాటి నమ్మకం.

వేటకు కూడా ఒక మర్యాద ఉండేది. పిల్లి గడప మీద నిలబడి, తోక నిటారుగా ఎత్తి, మూడుసార్లు అరవాలి. మొదటి అరుపుకి అర్థం, నేను పిల్లిని. రెండోదానికి, వస్తున్నాను. మూడోదానికి, వచ్చేశాను. ఆ తర్వాతే పరుగెత్తాలి. చెప్పకుండా వెళ్లడం దొంగల పని అనేవి పెద్దపిల్లులు.

ఎలుకలకు ఈ మర్యాద ఎంత నచ్చిందో వేరే చెప్పాలా? మొదటి అరుపుకి మూతి తుడుచుకునేవి. రెండో అరుపుకి ఒళ్లు విరుచుకునేవి. మూడో అరుపుకి లేచి, తాపీగా కన్నంలోకి నడిచేవి.

చౌడమ్మ అనే నేతగత్తె ఇంట్లో చారలమ్మ అనే పిల్లి ఉండేది. దానికి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు తెల్లమూతి. చిన్నది పొయ్యి దగ్గరి మసిగుడ్డ రంగులో ఉంటుందని దాన్ని మసి అనేవారు.

ఈ మసికి ఒక చెడ్డ అలవాటు. ఆడేది.

నూలు చుట్టిన కండె ఒకటి మగ్గం దగ్గర పడి ఉంటే, దాన్ని పంజాతో కొట్టేది. కండె మగ్గం కిందికి దొర్లి అటువైపు గోడ దగ్గర తేలేది. ఒకసారి మసి దాని వెనకే పరుగెత్తి, తల మగ్గం కర్రకు కొట్టుకుని, వారం రోజులు బొప్పితో తిరిగింది. ఎనిమిదో రోజు దానికి ఒక సంగతి వెలిగింది. కండె ఉన్నచోటికి పోవడం ఎందుకు? వచ్చే చోట కూర్చుంటే సరిపోదా?

ఇంకో చిక్కు. పేడతో అలికిన నేల ఆరకముందే దూకితే వెనక కాళ్లు జారి, మూతి నేలకు తగిలేది. అందుకని దూకేముందు నడుము ఇటూ అటూ ఊపి, కాళ్లు గట్టిగా ఆనాయో లేదో చూసుకోవడం మొదలుపెట్టింది.

"అమ్మా, చూడవే దీన్ని. చిందులేస్తోంది. రేపు తప్పెట కూడా కావాలంటుంది" అన్నాడు తెల్లమూతి.

"చిందు కాదు అన్నా, నేల పట్టు చూసుకుంటున్నా. నీలాగ కూర్చున్నచోటే కూర్చుంటే ఏ కాలూ జారదులే" అంది మసి.

చౌడమ్మ నూలుకు గంజి పెట్టి మగ్గానికి ఎక్కించేది. ఆ గంజికి ఒక లావుపాటి ఎలుక మరిగింది. మధ్యాహ్నం చౌడమ్మ అన్నానికి వెళ్లగానే వచ్చి, గంజి నాకుతూ నాకుతూ దారాలు కొరికేసేది. చారలమ్మ గడప మీద నిలబడి మూడుసార్లు అరిచేది.

"అత్తా, ఇవాళ ఆలస్యమైందే. ఒంట్లో బాగుందా?" అని పరామర్శించి మరీ ఎలుక కన్నంలో దూరేది.

ఒకరోజు చౌడమ్మ తెగిన దారాలు చేతిలోకి తీసుకుంది. మగ్గం మీద ఉన్నది ఎవరిదో పెళ్లిచీర.

"చారలా, విను. రేపు ఇంకొక్క పోగు తెగిందా, నిన్నూ నీ పిల్లల్నీ గోనెసంచిలో వేసి వాగు అవతల వదిలేస్తా. అరుపులు వినడానికి నిన్ను పెట్టుకోలేదు."

వాగు అవతల నక్కలుంటాయి. చారలమ్మ ఆ పూట పాలు ముట్టలేదు.

మసి దగ్గరికొచ్చి కూర్చుంది. "అమ్మా, ఆ మూడు అరుపులు ఎందుకు?"

"మర్యాద కోసమే."

"ఎవరికి మర్యాద? మన గూడు పోగొట్టే ఎలుకకా? దానికి మనమే ముందుగా కబురు పంపుతున్నామన్నమాట."

"తరతరాల పద్ధతే అది. మీ అమ్మమ్మ అరిచింది, నేనూ అరిచాను."

"అమ్మమ్మ ఎన్ని ఎలుకల్ని పట్టింది?"

చారలమ్మ పంజా చాపి గోళ్ల మీద లెక్కపెట్టుకుంది. "ఒకటి. దానికి చెవుడు."

మసి నవ్వు ఆపుకుంది. "సరే, పద్ధతి మానొద్దు. రేపు నువ్వు రోజూలాగే గడప మీద అరువు. ఆ అరుపులు నాకు కావాలి."

మర్నాడు మధ్యాహ్నం చౌడమ్మ వంటింట్లోకి వెళ్లింది. మసి కన్నం పక్కన గంజికుండ నీడలో పొట్ట నేలకు ఆనించి కూర్చుంది. ఎలుక వచ్చి మగ్గం ఎక్కింది. అది గంజికి మూతి పెట్టేలోగానే చారలమ్మ అరిచింది.

మసికి ఒళ్లంతా జివ్వుమంది. ఇప్పుడే దూకాలనిపించింది. తోక కొస దానంతటదే కదలబోయింది. నెత్తి మీది పాత బొప్పిని తలుచుకుని, తోకను కాళ్లకింద నొక్కిపెట్టింది.

రెండో అరుపు.

"అత్తా, గొంతు బొంగురుపోయిందే. మిరియాల పాలు తాగకపోయావా?" అంది ఎలుక, ఒళ్లు విరుచుకుంటూ.

మూడో అరుపు. ఎలుక దిగి, తాపీగా కన్నం వైపు నడిచింది. వెనక్కి చూస్తూ నడిచింది, అత్త ఎంత దూరంలో ఉందోనని. మసి నడుము ఇటూ అటూ ఊపింది. కాళ్లు ఆనాయి. ఒక్క దూకు.

"అన్యాయం" అని కీచుమంది ఎలుక, మెడ మసి పంజా కింద ఉండగా. "చెప్పకుండా వచ్చావు."

"మా అమ్మ మూడుసార్లు చెప్పింది కదా బావా, వినలేదా?"

ఎలుకకు ఆ తర్వాత ఏమైందని అడగకండి. ఆ సాయంత్రం మసి పాలు వద్దంది, అంతే.

చౌడమ్మ వచ్చి పోగులు ఒక్కొక్కటీ తడిమి చూసింది. ఒక్కటీ తెగలేదు. వంటింట్లోకి వెళ్లి, పిల్లుల గిన్నెలో ఇంత మీగడ వేసింది.

చారలమ్మ ఎండలో వాలి, తోక కొస మెల్లగా ఆడించింది. తెల్లమూతి అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడటం లేదనుకుని వంగి, నడుము ఊపి, ఆ తోక మీదికి దూకి, గురి తప్పి బోర్లా పడ్డాడు.

"చిందులా అన్నా?" అంది మసి కుండ వెనకనుంచి.

"కాదే. నేల పట్టు చూసుకుంటున్నా."

అప్పటినుంచే పిల్లిపిల్లలు దారం కనబడితే దారం మీదికి, నీడ కనబడితే నీడ మీదికి, ఏదీ లేకపోతే తమ తోక మీదికే దూకుతున్నాయి. దూకేముందు నోరు మూసుకుని, నేలకు కరుచుకుని, నడుము ఊపి కాళ్లు సరిచూసుకుంటున్నాయి. ఇవాళ ఇంటికి వెళ్లగానే ఒక గుడ్డపీలిక వెతికి, మీ వీధిలోని పిల్లిపిల్ల ముందు మెల్లగా లాగండి. అది నడుము ఊపేటప్పుడు చటుక్కున లాగేసుకోకండి. దూకనివ్వండి, పట్టుకోనివ్వండి.