తాడు చెప్పని మాట

చాలా కాలం కిందట, ఓడలు గాలిని నమ్ముకొని తిరిగే రోజుల్లో, తూర్పు సముద్రపు ఒడ్డున వేలాపురి అనే రాజ్యం ఉండేది. దానిని రత్నకేతు మహారాజు పాలించేవాడు.

ఆ రాజ్యానికి ఒక వింత సంపద ఉండేది. ఒడ్డుకు ఆమడ దూరంలో, ఇరవై నిలువుల లోతున, సముద్రపు అడుగున ఒక నూనెబావి. రాజుగారి తాతగారి కాలంలో కంచరులు నేలలోకి కంచుగొట్టం దించి దానిని తవ్వారు. గొట్టం మూతికి బిగించిన తోలుగొట్టం గుండా నల్లని నూనె పైనున్న ఓడలోకి వచ్చేది. నగరంలోని దీపాలన్నీ ఆ నూనెతోనే వెలిగేవి. ఆ వెలుగును చూడనివారు నగరంలో లేరు. బావిని చూసినవారూ లేరు.

ఒక ఏడు శ్రావణంలో పెనుగాలి వీచింది. నూనె ఓడ లంగరుతో సహా కొట్టుకుపోయింది. పోతూ పోతూ ఆ లంగరు అడుగునున్న గొట్టానికి తగులుకొని దానిని గట్టిగా లాగివేసింది.

మరునాడు నీటిమీద తాటాకు చాపంత నల్లని మరక తేలింది. మూడవనాటికి అది ఊరంత అయింది. చేపలు వెల్లకిలా తేలాయి. నీటిపక్షులు రెక్కలు విప్పలేక ఇసుకలో కూలబడ్డాయి.

బావికి ఎదురుగా ఒడ్డున శంఖుపాలెం అనే పల్లె ఉంది. అక్కడివారు నీట మునిగి శంఖాలు తీసి బ్రతికేవారు. అప్పటికి గాలి ఒడ్డునుండి సముద్రం వైపు వీస్తున్నది గనుక మరక దూరంగానే ఉన్నది. కార్తీకం సగమయ్యేసరికి తూర్పుగాలి మళ్లుతుంది. అప్పుడు ఆ నూనె అంతా పాలెం రేవులోకే వస్తుంది. రేవు చస్తే పాలెం లేచిపోవలసిందే.

ఈ సంగతి అందరికంటె ఎక్కువగా కలతపెట్టినది దానయ్యను. దానయ్య ఆ పాలెంలో తాడు పట్టేవాడు.

శంఖుపాలెంలో ఒక కట్టడి ఉన్నది. మునిగేవాని నడుముకు కట్టిన తాడును పడవలో అతని బావమరిదే పట్టాలి. ఏమరితే సొంత తోబుట్టువు పసుపుకుంకుమలు పోతాయి గనుక వాడు ఏమరడు. దానయ్య తన అక్క నూకమ్మ భర్త గురప్పకు పదునెనిమిదేళ్లుగా తాడు పడుతున్నాడు. ఒక్కనాడూ ఏమరలేదు.

తాడుకు ఒక భాష ఉన్నది. అడిగినదానికి ఒకసారి లాగితే అవును. రెండుసార్లు లాగితే కాదు. మూడుసార్లు లాగితే పైకి తీయమని. అరవై లెక్కించేలోగా తాడు కదలకపోతే లోపలివాడు ఆపదలో ఉన్నట్లు. వెంటనే లాగివేయాలి.

ఇంకొక నియమం కూడా ఉన్నది. నీటినుండి లేచినవాడు ఒడ్డు తాకేవరకు నోరు విప్పరాదు. ఊపిరి నిలదొక్కుకోవాలి. అంతవరకు అతని తరఫున పలికేది తాడు పట్టినవాడే.

రాజుగారు బావి మూయించే పని మహామంత్రి శ్రుతకీర్తికి అప్పగించాడు. మంత్రి దానయ్యను, గురప్పను పిలిపించాడు. పాలెంలో అంత లోతు దిగగలవాడు గురప్ప ఒక్కడే.

రాజనౌక బావిమీద నిలిచింది. కంచరిపెద్ద మొదట అడిగాడు.

"గొట్టం మూతి చెదరకుండా గట్టిగా ఉన్నదా?"

గురప్ప త్వరగా మునగడానికి బరువైన దిగుడురాయి పట్టుకొని నల్లని నీటిలోకి దిగాడు. దానయ్య లెక్కపెడుతున్నాడు. నలభై అయిదు దగ్గర తాడు ఒకసారి కదిలింది.

"అవునంటున్నది" అన్నాడు దానయ్య.

కంచరిపెద్ద టేకుమానుతో నిలువెత్తు బిరడా చేయించి, బరువు కట్టి, మూతిలోకి దిగగొట్టించాడు. నూనె ఆగిపోయింది. నగరంలో భేరీలు మ్రోగాయి. సాయంకాలానికి నూనె మళ్లీ తేలింది.

"బిరడా చాలలేదు. మూత కావాలి" అన్నాడు మంత్రి. ఈసారి రథమంత కంచుగుండిగ పోత పోశారు. దానిని బోర్లించే ముందు మళ్లీ ప్రశ్న. "నూనె మూతినుండే వస్తున్నదా?"

తాడు ఒకసారి కదిలింది.

గుండిగను దించారు. అది బావిమీద ఒక పూట నిలిచింది. తరువాత దాని అంచు కిందనుండి నూనె ఎగదన్ని, గుండిగను పక్కకు ఒరగదోసింది. దానిని దించిన మోకులు పుటుక్కున తెగాయి.

భాద్రపదం గడిచింది.

మూడవసారి రాతిపని చేసే కాసెవాళ్ల పెద్ద వచ్చాడు. "ఇదేమి వింత? నూరు పడవల రాయి, నూరు పడవల బంకమట్టి పోస్తే ఏ బావి పూడదు?" అన్నాడు. ఆయనకు ఒకటే సందేహం. "గొట్టం నిటారుగా ఉన్నదా? పోసినది సరిగా మూతిమీదనే పడుతుందా?"

తాడు ఒకసారి కదిలింది.

పన్నెండు రోజులు రాయి పోశారు, మట్టి పోశారు. పదమూడవనాడు నూనె ఒకచోట కాక రెండుచోట్ల తేలింది. మరక రెట్టింపయింది.

దానయ్యకు తల తిరిగిపోయింది. మూతి గట్టిగా ఉన్నది. నూనె మూతినుండే వస్తున్నది. గొట్టం నిటారుగా ఉన్నది. తన నోటితోనే తాను రాజనౌకమీద చెప్పిన మాటలు ఇవి. ఇవన్నీ నిజమైతే నూనె ఆగాలి. ఆగలేదు. మాటలలో లోపం లేదు, మందులలో లోపం లేదు. మరి లోపం ఎక్కడ? ఎంత ఆలోచించినా ఆ ముడి అతనికి విడలేదు.

ఒకనాటి ఉదయం గురప్ప ఇసుకలో కూర్చొని ఒంటికి అంటిన నూనెను బూడిదతో రుద్దుకుంటున్నాడు. దానయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, ఒకటి అడుగుతాను, కసరవు కదా?"

"నీ అక్కను కట్టుకున్నప్పుడే కసరడం మానేశాను. అడుగు."

"మూతి గట్టిగా ఉండడం నీవు చూశావా?"

గురప్ప రుద్దడం ఆపాడు. "చూడడానికి ఏముందిరా అక్కడ? కంటిముందు చెయ్యి పెట్టుకుంటే చెయ్యే కనబడదు. కాటుక కుండలో దిగినట్టుంటుంది."

"మరి ఒకసారి లాగావే!"

"లాగక ఏం చెయ్యమంటావు? ఊరకుంటే నేను చచ్చాననుకొని నన్ను పైకి ఈడ్చేస్తావు. రెండుసార్లు లాగితే కాదని చెప్పినట్టు. కాదని నాకేం తెలుసు? రెంటిలో ఏది తక్కువ అబద్ధమో అది లాగాను."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూను. తడిమితే చేతికి కంచు తగిలింది. ఉన్నట్టే ఉందిలే అనుకున్నాను. మంత్రిగారి దగ్గర అంతమంది పెద్దలున్నారు, వాళ్లకు తెలియదా అనుకున్నాను."

"వాళ్లు నన్ను నమ్మారు బావా. నేను నిన్ను నమ్మాను."

"ఒడ్డుకు వచ్చాకైనా అడగలేదేంరా?"

"నీవైనా చెప్పలేదేం?"

"అప్పటికే భేరీలు మ్రోగుతున్నాయి కదా! మ్రోగే భేరీకి అడ్డం వెళ్లి నేనేం చెప్పను?"

గంజి తెచ్చిన నూకమ్మ ఇద్దరినీ చూసింది. "మీ ఇద్దరి నడుమ తాడు ఇరవై నిలువులుంది. మాట మాత్రం మూరెడు లేదు" అన్నది. "పాలెం కొంప ముంచి ఇప్పుడు ముచ్చట్లా? ఒరే తమ్ముడూ, పోయి రాజుగారితో చెప్పు."

"చెబితే తల తీయిస్తాడేమో అక్కా."

"చెప్పకపోతే రేవు పోతుంది. నీ తల పెట్టుకొని ఏ రేవులో బ్రతుకుతావు?"

దానయ్య తలపాగా చుట్టుకొని లేచాడు. ఆ పూటే కొలువుకు వెళ్లాడు. తాడు సంగతి, చీకటి సంగతి, తాను రాజనౌకమీద పలికిన మూడు మాటల సంగతి దాచకుండా చెప్పాడు.

రాజుగారు కంచరిపెద్ద వైపు తిరిగాడు. "మూతి గట్టిదని నీకెట్లా తెలిసింది?"

"మంత్రివర్యులు సెలవిచ్చారు ప్రభూ."

"అమాత్యా, మీకు?"

"దానయ్య చెప్పాడు మహారాజా."

"దానయ్యా, నీకు?"

"తాడు చెప్పింది మహారాజా. తాడుకు మా బావ చెప్పాడు. మా బావకు తెలియదు."

రాజుగారి ముఖంలో కోపంకంటె తికమకే ఎక్కువగా కనిపించింది. "అయితే ఇన్నాళ్లూ మనం దేనిమీద బిరడా కొట్టాము? దేనిమీద గుండిగ బోర్లించాము? ఆ నీటి అడుగున ఏమున్నది?"

పెద్దలందరూ నేలచూపులు చూశారు.

"తెలియదు మహారాజా" అన్నాడు దానయ్య.

"ఓరీ! కొలువులో నిలబడి తెలియదని చెప్పడానికి సిగ్గులేదా?" అన్నాడు మంత్రి.

"ఉన్నదయ్యా. మూడుసార్లు అవునని చెప్పినందుకు ఇంకా ఎక్కువ సిగ్గుగా ఉన్నది."

రాజుగారు చెయ్యెత్తి మంత్రిని ఆపాడు. "ఇప్పుడు ఏమి చేయాలంటావు?"

"తాడుకు నాలుగో మాట ఒకటి కావాలి ప్రభూ. విడవకుండా నిదానంగా లాగితే, 'చేతికి అందలేదు, మళ్లీ దిగాలి' అని అర్థం. ఆ మాట వచ్చినప్పుడు ఎవరూ కోపగించుకోరాదు. భేరీ మ్రోగించరాదు."

రాజుగారు సరేనన్నాడు.

ఆ మరునాటినుండి గురప్ప దిగసాగాడు. మొదటిరోజు నాలుగుసార్లు దిగితే నాలుగుసార్లూ తాడు నిదానంగానే సాగింది. మంత్రి పళ్లు కొరికాడు. రెండవరోజు మూడుసార్లు అంతే. మూడవరోజు దానయ్యకు ఒక ఉపాయం తోచింది. కంటికి కనబడనిది అచ్చుకు పడుతుంది. బావ చేతికి మెత్తని మైనపుముద్దలు ఇచ్చాడు. పోసిన రాళ్ల సందుల్లో చెయ్యి దూర్చి, గొట్టం ఎక్కడెక్కడ చేతికి తగిలితే అక్కడక్కడ అదిమి తీసుకురమ్మన్నాడు.

పదకొండు ముద్దలు పైకి వచ్చాయి. కంచరిపెద్ద వాటిని వరుసగా పేర్చి చూసి తలపట్టుకున్నాడు.

గొట్టం నిటారుగా లేదు. నేలకు మూరెడు ఎత్తున మోచెయ్యిలా వంగి ఉన్నది. ఆ వంపులో, అతుకు దగ్గర, జానెడు పగులు. నూనె వస్తున్నది మూతినుండి కొంత, పగులునుండి కొంత. మూతి మూసినప్పుడల్లా నూనె అంతా పగులుమీదికి తిరిగింది. తాము చేసిన మందే ప్రతిసారీ పగులును పెంచింది.

"ముందు మూతి తెరవాలి" అన్నాడు దానయ్య.

"మూయమంటే తెరుస్తావా! మతి ఉన్నదా నీకు?" అన్నాడు మంత్రి.

"మూతి బిగిసి ఉంటే పగులుదగ్గర చెయ్యి పెట్టలేం అయ్యా. నూనె చేతిని నెట్టివేస్తుంది. దానికి వేరే దారి ఇచ్చి, పగులుకు కట్టుకట్టి, తరువాత మూతి సంగతి చూడాలి."

కంచరిపెద్ద తల ఊపాడు. ఇన్ని రోజులలో ఆయన మంత్రి ముఖం చూడకుండా తల ఊపినది అదే మొదటిసారి.

ఆశ్వయుజంలో మిగిలిన రోజులన్నీ తాము పోసిన రాయిని తామే తీయడానికి సరిపోయింది. పాలెంలో ఈత వచ్చిన ప్రతివాడూ దిగాడు. ప్రతివానికీ వాని బావమరిది తాడు పట్టాడు. రాయి తీశారు. గుండిగను లాగారు. బిరడా పెరికారు. పెరికిననాడు మరక ఇంకా పెరిగింది. నగరంలో జనం దానయ్యను తిట్టిపోశారు. అతనికీ లోలోపల దిగులే. తాను చేస్తున్నది సరియో కాదో అతనికీ పూర్తిగా తెలియదు. తడిమి చూసినంతవరకే తెలుసు.

తరువాత పగులుచుట్టూ తోలు, కొబ్బరిపీచు, మైనం చుట్టి, రెండు బద్దల కంచుపట్టా వేసి మరలతో బిగించారు. మూతికి తిప్పుడు మూత ఒకటి తొడిగారు. దానిని ఒక్కసారిగా మూయలేదు. రోజుకు ఒక చుట్టు తిప్పడం, గురప్ప దిగి పట్టాను తడమడం, తాడు ఏమి చెబుతుందో వినడం. అట్లా తొమ్మిది రోజులు. తొమ్మిదవనాడు మూత బిగిసింది. నీటిమీద కొత్త నూనె లేదు.

ఆ తరువాత రెండవనాడే తూర్పుగాలి మళ్లింది. అంతకుముందు కారిన నూనె రేవును తాకనే తాకింది. రేవు సగం నల్లబడింది. సగం మిగిలింది. పాలెం లేచిపోలేదు.

రాజుగారు సంతోషించి కొలువు తీర్చాడు. మంత్రి ఒక పెద్ద రాతిపలకను, ఉలి పట్టిన శిల్పిని సిద్ధంగా ఉంచాడు. 'బావి శాశ్వతముగా మూయబడినది' అని చెక్కించాలని ఆయన కోరిక.

"దానయ్యా, ఇక ఎన్నటికీ కారదు కదా?" అని రాజుగారు అడిగాడు.

కొలువంతా అతని నోటివైపు చూసింది. అవునంటే భేరీలు మ్రోగుతాయి. శాలువ కప్పుతారు. బయట నూకమ్మ, గురప్ప ఎదురుచూస్తున్నారు.

"తెలియదు మహారాజా" అన్నాడు దానయ్య. "నేటివరకు కారడం లేదు. అంతవరకే నాకు తెలుసు. నెలకొకసారి దిగి పట్టాను తడిమి చూస్తూ ఉండాలి."

మంత్రి నిట్టూర్చాడు. రాజుగారు మాత్రం శిల్పిని ఉలి కింద పెట్టమన్నాడు. ఆ పలకను పగులగొట్టించి, శంఖుపాలెంలో మునిగేవారికి దిగుడురాళ్లు చేయించి పంపాడు.

తెలియనిదానిని తెలియదని ఒప్పుకొన్ననాడే తెలుసుకొనే పని మొదలవుతుంది. తెలిసినట్లు నటించినంతకాలం ప్రతి మందూ ఒక కొత్త గాయమే అవుతుంది.