బండలు లేపిన కానుగ

ఒకప్పుడు చెట్ల వేళ్లన్నీ కిందికే పోయేవి. నేల మీద ఒక్క వేరు కనబడితే ఒట్టు.

ఆ రోజుల్లో ఒక నగరం బయట మంగాయమ్మ అనే ఆవిడ కుండల్లో మొక్కలు పెంచి అమ్ముకునేది. పిల్లాజెల్లా లేని మనిషి, మొక్కలతోనే కబుర్లు చెప్పుకునేది. ఆమెకొక పద్ధతి ఉండేది. నాటేముందు కుండ పగలగొట్టి, చుట్టుకుపోయిన వేళ్లను చేత్తో నెమ్మదిగా విడదీసి, అప్పుడు గుంటలో పెట్టేది. కుండ పోయిన బెంగతో మొక్క పదిరోజులు తల వాల్చేసి, ఆ తర్వాత తేరుకునేది.

ఒకసారి రాజుగారు ఊరేగింపుగా వస్తున్నారన్నారు. నాలుగు రోజుల్లో పెద్దవీధి పొడుగునా వంద కానుగ మొక్కలు నాటాలనీ, ఒక్క ఆకు వాడినా తోట లాక్కుంటామనీ అధికారి కబురు పెట్టాడు. కుండలు పగలగొడితే ఆకులు వాడతాయని మంగాయమ్మకి తెలుసు. మొక్కల్ని కుండలతో సహా పాతేసింది. ఊరేగింపు వెళ్లగానే తవ్వి పగలగొడతానని ప్రతి మొక్కకీ మాటిచ్చింది. మాటివ్వడానికేం, నోరుంటే చాలు.

రాజుగారు వచ్చి, పచ్చదనం చూసి మురిసి వెళ్లారు. మర్నాడు మంగాయమ్మ గునపం పట్టుకుని వెళ్లేసరికి మొక్కల మొదళ్లదాకా రాతిబండలు పరిచేస్తున్నారు. భటులు ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

బండల కింద వేళ్లు కుండ గోడలు తట్టాయి. "నేలమ్మా, ఎక్కడున్నావు?"

"మీ పక్కనే ఉన్నానర్రా. మధ్యలో కుండ ఉంది," అని నేల ఏడ్చింది.

దారి తెలియక వేళ్లు గుండ్రంగా తిరిగాయి. తిరిగి తిరిగి ఒకదాని మెడకి ఒకటి ఉరి బిగించుకున్నాయి. ఏడాది గడిచేసరికి తొంభైతొమ్మిది మొక్కలు నిలువునా ఎండిపోయాయి. వాటిని పీకి బండిలో వేస్తుంటే మంగాయమ్మ చూస్తూ నిలబడింది. ఒక్కొక్కటీ కుండతో సహా ఊడి వచ్చింది. పాపం తనదేనని ఆమెకు తెలుసు.

మిగిలిన ఒక్క కానుగ ఆమెను గుర్తుపట్టింది. "అమ్మా, ఊపిరాడటం లేదు. నేల ఎటుందో చెప్పవూ?"

మంగాయమ్మ బండ మీద బోర్లా పడుకుని చెట్టు మొదట్లో నోరు పెట్టింది. "కిందికి దారి లేదు తల్లీ. నేనే మూసేశాను. కుండ అంచు దాటి పైకి రా. బండ అడ్డొస్తే లేపెయ్యి. ఎవరు తిట్టినా వినకు."

కానుగ వానాకాలమంతా పెనుగులాడింది. ఒక ఉదయాన వీధిలో బండ ఫెళ్లుమని పగిలి లేచింది. అది మంగాయమ్మ పనేనని భటులు ఆమె రెండు చేతులూ విరగ్గొట్టారు. ఆమె కాదనలేదు. ఆ చేతులతో మళ్లీ ఒక్క మొక్కా నాటలేకపోయింది.

కానుగ ఈ సంగతి గాలికి చెప్పింది. గాలి ప్రతి తోటకీ మోసుకెళ్లి, కుండల్లో పెరిగే మొక్కలన్నిటికీ చెప్పింది.

అప్పటినుంచే వీధుల్లో నాటిన చెట్ల వేళ్లు బండల్ని పగలగొట్టుకుని పైకి వస్తున్నాయి. కాలికి తగిలి పడ్డప్పుడల్లా మనం చెట్టునే తిడుతున్నాం.