పీచు ఒంటిమీది సగం బొచ్చు

అనగనగా, ఊళ్లకన్నా ముళ్లపొదలే ఎక్కువున్న రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజుగారి వేటకుక్కలను సాకేవాడు కోనప్ప.

కుక్కలు మూడు: వెన్నెల, చామరం, పీచు. వెన్నెల ఒళ్లు పాలరాయిలా నున్నన. చామరానికి పట్టుకుచ్చుల్లాంటి వెంట్రుకలు. ఇక పీచు సంగతి చెప్పాలా! పైబొచ్చు కొబ్బరిపీచంత గరుకు, అడుగున దూదిలా మెత్తన, మూతికి సన్యాసి గడ్డం. దాని పాతబొచ్చును వేళ్లతో పీకాలే తప్ప, గరుకు పోయేలా కత్తెర పెట్టకూడదని కోనప్పకు తండ్రి నేర్పాడు.

ఒకనాడు రాజు పీచును చూసి ముఖం చిట్లించాడు.

"పొరుగు రాజు వేటకు వస్తున్నాడు. ఈ బూజుకర్రను చూసి నవ్వడూ? రేపటికి నున్నగా గొరుగు. లేదా నువ్వూ అదీ రాజ్యం దాటండి!"

"మహాప్రభో, ఆ బొచ్చు..." అనబోయి కోనప్ప నోరు మూసుకున్నాడు. పెళ్లాంబిడ్డలు గుర్తొచ్చారు మరి. తెల్లవారగానే కత్తెర పట్టాడు. పీచు కదలకుండా నిలబడింది. అది చూస్తే అతనికి మరీ దుఃఖం వచ్చింది.

ఎడమపక్క పూర్తయిందో లేదో, కోటలో కేకలు! ఆరేళ్ల రాజకుమారి కుందేలు వెంట పరుగెత్తి ముళ్లపొదల్లోకి దూరిపోయింది. లోపల అడవిపంది గుర్రుమంటోంది. భటులు దారి నరికితే, పంది బెదిరి పాప మీద పడుతుందేమో!

కోనప్ప వెన్నెలను వదిలాడు. నాలుగడుగులకే ఒళ్లంతా చీరుకుపోయి, కుయ్యోమంటూ తిరిగొచ్చింది. చామరాన్ని వదిలాడు. దాని కుచ్చులు ముళ్లకు చుట్టుకుని మొదట్లోనే చిక్కుకుపోయింది. పాప ఏడుపు అంతకంతకూ సన్నగిల్లుతోంది.

"ఇంకే కుక్కా లేదా?" అని అరిచాడు రాజు.

"ఉంది ప్రభూ. సగమే మిగిలింది," అన్నాడు కోనప్ప.

పీచు దూసుకుపోయింది. మొరుగు, గుర్రు, కొమ్మలు విరిగిన చప్పుడు. పంది అవతలి వైపునుంచి పరుగుతీసింది. ఆపైన ఏమీ వినిపించలేదు.

కాసేపటికి పాప, పీచు కుడిపక్క బొచ్చును రెండు గుప్పిళ్లతో పట్టుకుని, వంగి వంగి బయటికొచ్చింది.

రాజు బిడ్డను గుండెకు హత్తుకున్నాడు. తర్వాత కుక్కను చూశాడు. ఎడమపక్క నెత్తురు కారుతోంది. కుడిపక్క ఒక్క గీతైనా లేదు.

"గొరగమన్నది నేను," అన్నాడు రాజు తలవంచుకుని.

"తెలిసీ గొరిగింది నేను, ప్రభూ," అని కోనప్ప బావురుమన్నాడు.

పొరుగు రాజు వచ్చిననాడు పీచు సగం బొచ్చుతోనే అందరికన్నా ముందు నడిచింది. ఎవరూ నవ్వలేదు.

కనుక పిల్లలూ, కంటికి ఇంపుగా లేదని మనల్ని కాపాడేదాన్ని కత్తిరించకూడదు; దాని విలువ తెలిసినవాడు భయపడి నోరు మూసుకోకూడదు.