ఖర్చంతా సర్కారుదే

పోలమ్మ ఇంట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనరు గాని, వాళ్ళు మాత్రం రోజూ అనుకునేవారు. కోడలు రవణమ్మకైతే ఇంత తెలివైన ఇంట్లో పడ్డానని మహా గర్వం.

ఒక్కటే దిగులు. ఐదేళ్ళలో ముగ్గురు పిల్లలు. నాలుగో కాన్పంటేనే రవణమ్మకు గుండె దడ. కాపర్-టి వేయించుకుందామంటే పట్నంలో ప్రైవేటు డాక్టరు నాలుగు వేలన్నాడు. మొగుడు గంగునాయుడి రెండు వారాల కూలి అది.

అప్పుడు ఆశా కార్యకర్త నూకరత్నం వచ్చింది. "మన సర్కారాసుపత్రిలో ఊరికే ఏస్తారు. పదేళ్ళు నిశ్చింత. రేపు పొద్దున్నే వచ్చీండి. ఏటీ పట్టుకురానక్కర్లేదు" అంది.

ఇంకేముంది, తెల్లారగానే గంగునాయుడు, తమ్ముడు పైడయ్య, తల్లి పోలమ్మ ఉత్త చేతులతో బయల్దేరారు. రవణమ్మ గుమ్మంలో నిలబడి సాగనంపింది.

"వేయించుకునే మనిషేది?" అని అడిగింది ఆసుపత్రిలో నర్సమ్మ.

"ఏటీ పట్టుకురావొద్దన్నారు కదమ్మా. ఇంటికాడ వొదిలీసొచ్చాం" అన్నాడు గంగునాయుడు.

నర్సమ్మ తల పట్టుకుంది. "మనిషి లేకుండా ఎవరికి వేయను? పన్నెండు దాటితే ఇవాళ్టికి లేదు. మోసుకొచ్చినా సరే, తొందరగా తీసుకురండి."

అంతే. అన్నదమ్ములు పరుగున ఇంటికొచ్చి, రవణమ్మను నులక మంచం మీద పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నారు. "కదలకే, పడిపోతావు" అన్నాడు గంగునాయుడు. ఆమె కళ్ళు మూసుకుని కొయ్యలా పడుకుంది. చూసినవాళ్ళు ఊరుకుంటారా? వీధి మలుపుకు పదిమంది కూడారు. బస్టాండు దగ్గరికి డప్పులు కూడా వచ్చేశాయి. ఆడవాళ్ళ ఏడుపు విని రవణమ్మకూ ఏడుపాగలేదు. "ఎవులో పోయినట్టున్నారు, పాపం" అంటూ లేచి కూర్చుని ముక్కు చీదింది. డప్పులవాళ్ళు డప్పులక్కడే పారేసి పరిగెత్తారు.

నర్సమ్మ పరీక్ష చేసి కాపర్-టి వేసింది. ఒక్క రూపాయి అడగలేదు. రవణమ్మ గుండె తేలికపడింది. ఆ సంతోషంలో, "నాలాగే అలిసిపోయినోళ్ళుంటే తీసుకురానా అమ్మా?" అంది.

"ఏటా కాన్పులతో నలిగిపోయేవాళ్ళు ఎవరున్నా సరే తీసుకురా. ఎవరికైనా ఊరికే" అంది నర్సమ్మ.

ఇంటికొచ్చి రవణమ్మ చుట్టూ చూసింది. తానొక్కతే సుఖపడటం ఆమెకు నచ్చదు.

మర్నాడు ఆసుపత్రి వరసలో అందరికంటే ముందు ఆమే ఉంది. చేతిలో పలుపు, పలుపు చివర గేదె. రవణమ్మే దగ్గరుండి చీటీ రాయించింది.

"పేరు గౌరమ్మ. ఐదీతలమ్మా. మొగుడు ఊళ్ళో లేడు, ఏలిముద్ర నేనేస్తాను."