కోరాడ వారి బురద సైకిలు పందెం

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు మా చిన్నమామ గేదెల అప్పన్న. ఆ రోజు గీత పక్కనే నిలబడి చూసినవాడు ఆయన. తరవాత చెప్పినవాళ్ళంతా తలా ఒక ముక్క అతికించి పాడుచేశారు. మా కిందవీధివాళ్ళయితే గంగాళాన్ని బిందె చేసేశారు. ఆ సంగతి నేనింకా మరిచిపోలేదు. బిందె కాదు, గంగాళం.

నక్కలవలసలో కోరాడ వారని ఒక ఇల్లు. ముసలితల్లి సన్యాసమ్మ, పెద్దకొడుకు సూరపునాయుడు, చిన్నకొడుకు పారినాయుడు, వాళ్ళ పెళ్ళాలు గౌరమ్మ, నారాయణమ్మ. అయిదుగురు. ఊళ్ళో తమంత తెలివైనవాళ్ళు లేరని సూరపునాయుడి నమ్మకం. "ఊళ్ళోవాళ్ళు ఒక మాట వింటే దానికి సొంతది ఇంకోటి కలిపేసుకుంటారు. మనం అలాక్కాదు. విన్నది విన్నట్టు చేస్తాం. తెలివంటే అదీ" అని రోజూ అన్నం దగ్గర చెప్పేవాడు. మిగతా నలుగురూ చేతిలో ముద్ద పట్టుకుని తలూపేవారు.

ఆ ఊరి బళ్ళో డ్రిల్లు మేష్టారు జగ్గారావు ఏటా ఊడ్పులకి ముందు ఒక పందెం పెట్టేవాడు. దాని పేరు సైక్లోక్రాస్ అట. ఊరివాళ్ళకి బురద సైకిలు పందెం. దమ్ము పట్టిన మడిలోంచి, అడ్డంగా పాతిన చెక్క పలకల మీంచి, ఇసకగుట్ట మీంచి మూడు చుట్లు తిరగాలి. తొక్కగలిగినచోట తొక్కాలి, లేనిచోట దిగి సైకిలు మోసుకుని పరిగెత్తాలి.

ఒక ఏడు మేష్టారు "బహుమతికి ఎవరైనా పెద్దదేదైనా ఇవ్వండి" అన్నాడు. ఇంకేముంది, కోరాడ వారు ఇంట్లో అన్నిటికన్నా పెద్దదేదో తాడుతో కొలిచి చూసి, సన్యాసమ్మ స్నానానికి నీళ్ళు కాచుకునే రాగి గంగాళం ఇచ్చేశారు. పైవీధి గుల్లిపల్లి రాంమూర్తి దాన్ని గెలుచుకుపోయి గేదెలకి కుడితి పెట్టుకున్నాడు. గెలిచినవాడింట ఏడాది ఉండి అది మళ్ళీ పందానికి రావాలని కట్టుబాటు. "నా గంగాళం వచ్చేదాకా తలంటుకోను" అని సన్యాసమ్మ ఒట్టు పెట్టుకుంది. ఏడాదయింది. ఇంట్లోవాళ్ళు గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని ఆవిడ పక్కన కూర్చుంటున్నారు.

"ఈసారి గంగాళం ఇంటికి రావాల్సిందే" అన్నాడు సూరపునాయుడు. తమ్ముణ్ణి పందానికి దింపాడు.

మేష్టారు వచ్చి నేర్పాడు. "పలక అడ్డొస్తే దిగి సైకిలు భుజానికెత్తుకో, పారినాయుడూ" అన్నాడు. పారినాయుడు పెరట్లో పీట అడ్డంగా పెట్టుకుని, దిగి, ఎత్తుకున్నాడు. అంతే. ఎత్తుకునే ఉన్నాడు. అలాగే అన్నం తిన్నాడు, అలాగే సంతకెళ్ళి ఉల్లిపాయలు తెచ్చాడు.

"దింపవేటయ్యా, గుమ్మంలో పట్టడం లేదు" అంది నారాయణమ్మ.

"మేష్టారు ఎత్తుకోమన్నాడు గాని దింపమన్నాడేటి?"

మూడోనాడు మేష్టారే వచ్చి దింపమన్నాక దింపాడు. అక్కర్లేని బరువు కూడా తీసెయ్యమని చెప్పి మేష్టారు వెళ్ళిపోయాడు. సూరపునాయుడు సైకిలు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"స్టాండు దేనికి? ఆగడానికి. పందెంలో ఆగుతామేటి? తీసెయ్."

"బ్రేకులు కూడా ఆగడానికే బావగారూ" అంది నారాయణమ్మ. అవీ తీశారు. ఇసకగుట్ట మీద కూర్చోకుండా లేచి తొక్కాలని మేష్టారు చెప్పాడు గనక సీటూ తీశారు. గంట మాత్రం ఉంచారు.

"గంట మోగితే ఆఖరి చుట్టు అన్నాడు మేష్టారు. గంట లేకపోతే ఆఖరి చుట్టు ఎలాగొస్తాది?" అన్నాడు సూరపునాయుడు. అన్నగారి బుర్రకి పారినాయుడు దండం పెట్టాడు.

పందెంనాడు పొద్దున్న మేష్టారు అందరికీ వినబడేలా చెప్పాడు. "బురదలో చక్రం జారకూడదంటే గాలి కొంచెం తియ్యండి." అయిదుగురూ విన్నారు. విన్నాక ఊరుకుంటారా, అయిదుగురూ తలా కొంచెం తీశారు. అంతే, టైర్లు అరిసెల్లా పరుచుకున్నాయి.

గంగాళాన్ని తోమి బల్ల మీద పెట్టారు. గెలిచినవాడు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదన్నాడు మేష్టారు. విజిలు వేశాడు.

పారినాయుడు కదలగానే గంట కొట్టాడు. గంట మోగింది గనక అది ఆఖరి చుట్టు. ప్రాణం పెట్టి తొక్కాడు. మిగతా ఏడుగురూ ఇంకా చాలా ఉందిగదా అని ఊపిరి దాచుకుంటున్నారు. వాళ్ళ టైర్లు జర్రున జారుతుంటే గాలిలేని పారినాయుడి టైర్లు బురదని జలగల్లా పట్టుకున్నాయి. చుట్టు తిరిగొచ్చి ఆగుదామనుకున్నాడు. బ్రేకుల్లేవు. ఎలాగూ పోతున్నాను గదా అని మళ్ళీ గంట కొట్టాడు. మళ్ళీ ఆఖరి చుట్టు. అలా మూడు ఆఖరి చుట్లు తిరిగేసరికి రాంమూర్తి రెండు మళ్ళ వెనక ఉన్నాడు.

ఈలోగా మేష్టారు గంగాళం బల్లకి అవతల, దారికి అడ్డంగా సున్నం గీత గీశాడు. ముందు అది దాటినవాడిదే గంగాళం. ఇసకగుట్ట దగ్గర కేకలేస్తున్న సూరపునాయుడు తల్లిని తీసుకొచ్చి గీత పక్కనే కూర్చోబెట్టి, ఆవిడ కోడళ్ళిద్దరినీ వెనక నిలబెట్టి, తనూ కూర్చున్నాడు. వస్తున్న తమ్ముణ్ణి చూసి అతని గుండె గంగాళమంత అయింది.

పారినాయుడు అన్నగారిని చూశాడు. పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళ ముందునుంచి సైకిలెక్కి పోకూడదు. చిన్నప్పుడు ఆ అన్నగారే చెవి మెలేసి నేర్పాడు. రెండు కాళ్ళూ నేలకానించి, పదిగజాలు ఈడ్చుకొచ్చి, గీతకి బెత్తెడు ఇవతల దిగి నిలబడ్డాడు.

"దాటరా" అన్నాడు సూరపునాయుడు.

"నువ్వుండగా నీకంటే ముందేటి అన్నా? నువ్వు దాటు, నీ వెనక నేను."

ఇలాంటి తమ్ముడు ఊళ్ళో ఇంకెవడికున్నాడని సూరపునాయుడికి కళ్ళు చెమర్చాయి. లేచి కాలెత్తాడు. తల్లి కనబడింది. కాలు దింపేశాడు. "అమ్మా, నువ్వు ముందు."

సన్యాసమ్మ కర్ర పట్టుకుని లేచింది. గంగాళాన్ని చూసి ఆగిపోయింది. "నాకంటే పెద్దది అది కాదేటిరా? నేను కాపరానికొచ్చేటప్పటికే ఇంట్లో ఉంది. అది ఇవతలుండగా నేనెలా దాటుతాను?"

నిజమే. అయిదుగురూ తలూపారు.

"దాటండర్రా" అని మేష్టారు నెత్తి కొట్టుకుంటున్నాడు.

"వస్తన్నాం మేష్టారూ. పెద్దదాని కోసం ఆగాం" అన్నాడు సూరపునాయుడు. కాని గెలవనిదే దాన్ని ముట్టుకోకూడదు. ఏం చెయ్యాలా అని చూస్తుంటే రాంమూర్తి వచ్చాడు, సైకిలు భుజాన వేసుకుని, ఒళ్ళంతా బురద, రొప్పుతూ.

"నాయనా రాంమూర్తీ, పోయినేడు గెలిచినవాడివి, నువ్వు ముట్టుకోవచ్చు. కాస్త ఆ గంగాళాన్ని గీత దాటించి పెట్టు. పుణ్యముంటాది" అంది సన్యాసమ్మ.

రాంమూర్తి సైకిలు దింపి పక్కన పడేశాడు. గంగాళాన్ని రెండు చేతులా ముందుకి పట్టుకుని గీత దాటాడు. దాటి ఆగలేదు. అలాగే పైవీధికి నడిచాడు. అది మలుపు తిరిగేదాకా కోరాడ వారు అయిదుగురూ చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఎంతో మర్యాదగా నిలబడ్డారు. ఆ తరవాత సన్యాసమ్మ, సూరపునాయుడు, పారినాయుడు, కోడళ్ళు వయసు వరసన దాటారు. వెనక ఆరుగురు పందెగాళ్ళు వీళ్ళకి దారిచ్చి ఆగారు.

సన్యాసమ్మ మరో ఏడాది తలంటుకోలేదు.

బడి గోడ మీద మాత్రం మొదటివాడు గుల్లిపల్లి రాంమూర్తి అని రాసి ఉంది. సూరపునాయుడు బతికినన్నాళ్ళూ అది తప్పని మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. ముందు గీత దాటింది గంగాళం, దాని వెనక రాంమూర్తి. మా చిన్నమామ కళ్ళారా చూశాడు. నా చేతిరాత గోడకెక్కేది కాదు. రాయడం బాగా వచ్చినవాళ్ళెవరైనా ఒకసారి వెళ్ళి, అది తుడిచి, సరిగ్గా రాయండి. బిందె అని మాత్రం రాయకండి.